చలికి చచ్చిన బ్యాటరీ

"ముందు ఎర్ర వైరు, తర్వాతే నల్లది. మర్చిపోవద్దు," అన్నాడు గంగాధర, కంబళిలో చుట్టిన కారు బ్యాటరీని చంటిబిడ్డను ఎత్తినట్టు ఎత్తుతూ.

ఆ ఇంట్లో పనికి కొత్తగా వచ్చిన పుష్పలత చున్నీని చెవులకు బిగించుకుంది. జనవరి తెల్లవారుజామున బ్నీద్ అల్ గార్‌లో చలి ఎముకలు కొరుకుతోంది. కువైట్ అంటే ఎండలే అని చెప్పి పంపిన రాయచోటి ఏజెంటును మనసులోనే నాలుగు తిట్టింది.

"రోజూ రాత్రి విప్పి రూములో పెట్టి, పొద్దున్నే మళ్ళీ బిగించాల్నా చిన్నాయనా? ఎవరూ ఎక్కని బండికి ఇంత సేవా?"

"నేను ముప్పై అయిదు చలికాలాలు చేసినా. ఇంక నువ్వు చెయ్యాల."

గంగాధర ఆ ఇంటి డ్రైవరు. మోకాళ్ళు మొరాయించాయి, వచ్చే గురువారం కొలువు ఖలాస్ చేసుకొని పులివెందులకు పోతున్నాడు. గదిలో పెట్టె సర్దేశాడు. పాత టేపురికార్డరు ఒక్కటే కిటికీలో మిగిలింది. దాని వెనక రెండు పొడుగాటి వైర్లు వేలాడుతున్నాయి.

"దీంట్లో పాటలుండాయా?"

"నా బిడ్డ మాటలు. అప్పట్లో ఫోన్లు యాడివి? కేసెట్లో మాట్లాడి పంపేటోళ్ళు."

"పెట్టు, విందాం."

"వద్దులే. పద, మామా లేస్తాది."

వాకిట్లో పాత కారుకు బ్యాటరీ బిగించారు. చోక్ లాగి తాళం తిప్పితే రెండుసార్లు మూలిగి, మూడోసారి ఇంజను అందుకుంది. మేడ మీద కిటికీ తెరుచుకుంది. పనివాళ్ళంతా మామా అని పిలిచే ఎనభై అయిదేళ్ళ యజమానురాలు కిందికి వంగి అరబ్బీలో అడిగింది.

"గంగా, బండి సిద్ధమా?"

"సిద్ధం మామా."

"అల్‌హమ్దులిల్లా," అని దేవుణ్ణి తలుచుకొని ఆమె కిటికీ మూసుకుంది.

"పోయినేడు ఒక్కరోజు స్టార్టు కాలేదు. మామా ఆ కిటికీ దగ్గరే కూలబడిపోయింది," అన్నాడు గంగాధర. "ఈసారి ఆగితే ఆ ప్రాణం నిలబడదు. కొత్త డ్రైవరు ఎన్నాళ్ళుంటాడో తెలీదు. ఆమె పక్కన ఉండేదానివి నువ్వే."

"కొడుకు బండంట గదా? ఇన్నేండ్లలో తల్లి మొగం చూడని కొడుక్కు..."

"తప్పు పాపా!"

గంగాధర ఇంజను వేడెక్కేదాకా పక్కనే నిలబడి, మెల్లగా చెప్పాడు.

"ఇరాక్ సైన్యం కువైట్‌ను పట్టుకున్న ఏడు. ఇట్లాంటి చలే. ఊరంతా కరెంటు లేదు. సిపాయిలు ఇల్లిల్లూ వెతికి వయసు పిల్లోళ్ళను ఎత్తుకపోతాండారు. పక్కవీధికి వచ్చినారని తెలిసి మామా కొడుకు యూసుఫ్ బాబా ఈ బండెక్కి తాళం తిప్పినాడు. కిర్రుమనింది గానీ కదల్లేదు. బ్యాటరీ చచ్చింది. మామా ఆ కిటికీలోంచి చూస్తానే ఉంది, గేటు తోసుకొని వచ్చి పట్టుకపోయినారు. మళ్ళీ రాలేదు."

పుష్పలత కళ్ళు తుడుచుకుంది. ఊర్లో వదిలేసి వచ్చిన తన ఆరేళ్ళ కొడుకు కళ్ళ ముందు మెదిలాడు.

"ఎప్పుడొచ్చినా ఈసారి బండి కదలాలని ఆ తల్లి ఆశ," అన్నాడు గంగాధర.

"నేను చేస్తాలే చిన్నాయనా. ఒక్క పూట కూడా తప్పను."

అతను ఆమె నెత్తిన చెయ్యి పెట్టాడు. కంబళి మడిచి ఇద్దరూ గదిలోకి వచ్చారు.

"పాపిష్టి చలి! బంగారట్లాంటి పిల్లోణ్ణి తినేసింది," అంది పుష్పలత.

"మామా కూడా చలినే తిడతాది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ పొద్దు బ్యాటరీ చలికి చచ్చిందని ఆమెకు చెప్పింది నేనే."

గంగాధర కిటికీలోని టేపురికార్డరు దించి, వైర్ల కొసలకు ఉన్న పెద్ద క్లిప్పులను అరచేతిలో పెట్టుకొని చూశాడు.

"దానికి ముందు రాత్రంతా ఇవి తగిలించి నా బిడ్డ మాటలు విన్నా, ఆ బ్యాటరీతోనే."