వద్దన్న ఫొటో

అయ్యా, నా రాత వంకర. తప్పులుంటే మన్నించి చదవండి.

ఫొటోలు అమ్మే మీ కంపెనీకి మా కొడుకు నగేష్ వాళ్లమ్మ చంద్రమ్మ ఫొటో పంపాడు. గౌలిపురలో మా బర్రెల కొట్టంలో ఆమె పాలు పితుకుతుంటే తీశాడు.

“నా మొఖమేం దీస్తవ్ రా, బర్రెను తియ్యి!” అని చంద్రమ్మ నవ్వుతూ తల తిప్పేసింది.

ముఖం కదిలిందని, వెలుతురు చాలలేదని మీరు వద్దన్నారు. పొద్దుటి వెలుగులో కుదురుగా కూర్చోబెట్టి మళ్లీ తీసి పంపమన్నారు. న్యాయమే. ఆమె ఎప్పుడు కుదురుగా కూర్చుంది కనుక.

తర్వాత నగేష్ ఫోను కుడితి తొట్టిలో పడి పాడైంది. ఆ ఫొటో ఇప్పుడు మీ దగ్గరే ఉంది.

మళ్లీ తీసే వీలు లేదు. మీరు వద్దన్నదే మాకు తిరిగి పంపండి. ఆదివారం చంద్రమ్మ దినాలు. దండ వేయడానికి ఇంకో ఫొటో లేదు.

తొందరగా జవాబు రాయండి.

ఆగయ్య