సెక్రటరీ అన్న మాట

పది కొట్టేసరికి రాజకుమారి ఎదుటి కుర్చీలో ఉండాలి. లేకపోతే లక్ష్మీనరసింహకు రోజు మొదలుకాదు.

ఇస్త్రీ చేసిన గోధుమరంగు నేతచీర, ఒళ్ళో నోట్‌బుక్కు, చేతిలో పెన్సిల్. బొగ్గు కంపెనీలో ఆయన పర్సనెల్ ఆఫీసరుగా ఉన్నప్పుడు ఇరవై ఆరేళ్ళు ఆయన చెప్పింది రాసుకున్న సెక్రటరీ రాజకుమారి. ఆయన రిటైరై తొమ్మిదేళ్ళయింది. ఇప్పుడు గోదావరిఖనిలో సొంతింటి ముందు గదిలో కూర్చుని ఆఫీసు మాటల మీద పుస్తకం చెబుతున్నాడు. క్లర్కు, బ్యూరో, ఫైలు... ఏ ఇంగ్లిషు మాట ఎక్కడ పుట్టిందో, దారిలో ఎన్ని అర్థాలు మార్చుకుందో ఆయనకు నోటికి వచ్చు. ఆర్నెల్లుగా ఇదే పని.

ఆర్నెల్లుగా ఆయన భార్య జానకమ్మ కడుపు రగులుతూనే ఉంది.

“టీ తాగినవా రాజకుమారీ?” అని అడిగాకే పుస్తకం సంగతి. నలభై ఒక్కేళ్ళ కాపురంలో జానకమ్మను ఒక్కనాడూ అలా అడిగిన పాపాన పోలేదు. ఆ టీ పెట్టాల్సింది మళ్ళీ జానకమ్మే. రెండు కప్పులు. రాజకుమారి చక్కెర లేకుండా తాగుతుందని ఆయనకు బాగా గుర్తు. జానకమ్మకు ఏదిష్టమో గుర్తులేదు.

అసలు జానకమ్మతో ఆయనకు మాటలే తగ్గిపోయాయి. కంచం తెచ్చి ముందు పెడితే, “అక్కడ ఉంచండి” అంటాడు. జన్మంతా ‘ఏమే జానకీ’ అన్న నోటికి ఈ మర్యాద ఎక్కడినుంచి వచ్చిందో! తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

ఆ రోజు ‘సెక్రటరీ’ దగ్గరికి వచ్చాడు.

“రాసుకో. లాటిన్‌లో గుట్టు అనే మాటలోంచి పుట్టింది. మొదట్లో సెక్రటరీ అంటే రాజుగారి గుట్టు దాచేవాడు. చెవిలో పడ్డది నోట్లోంచి బయటికి రావద్దు. తర్వాత రాజుగారి ఉత్తరాలు రాసేవాడయ్యాడు. కొన్నాళ్ళకు మంత్రే అయ్యాడు. తాళం వేసుకునే రాతబల్లకు కూడా ఆ పేరే పెట్టుకున్నరు. టైపు మిషన్లు వచ్చినంక ఆ మాట చిన్నదైపోయి, టైపు కొట్టే అమ్మాయిల దగ్గర కూర్చుంది.”

“మరి మన దగ్గర సార్?”

“మన దగ్గర పల్లెకో పంచాయతీ సెక్రటరీ, బొగ్గు బాయికో యూనియన్ సెక్రటరీ. యూనియన్ సెక్రటరీ గుట్టు దాస్తే ఎట్ల? మైకు పట్టుకొని అరవాలె.”

రాజకుమారి నవ్వింది. జానకమ్మకు ఒళ్ళు మండింది.

ఆయన గొంతు తగ్గించాడు. “పాత అర్థం ప్రకారం నువ్వే నా అసలు సెక్రటరీవి. ఒకటి చెప్త, ఇంట్ల తెలియొద్దు. కాసిపేటలో పనిచేసేటప్పుడు బాయిలోకి దిగాల్సి వస్తే భయపడి, జ్వరమని రెండు రోజులు పడుకున్న. అంతా అబద్ధమే.”

ప్రతి ముక్కా జానకమ్మ చెవిన పడింది. ఆ రెండు రోజులూ మిరియాల కషాయం కాచి తాగించింది తను. కన్ను మూయకుండా నుదుటి మీద తడిగుడ్డ మార్చింది తను. ముప్పై మూడేళ్ళు దాచిన గుట్టు చెప్పుకోవడానికి మాత్రం రాజకుమారి కావలసి వచ్చింది. గుట్టు దాచేది సెక్రటరీ అయితే ఇక పెళ్ళాం ఎందుకు?

సాయంత్రం పక్కింటి సారక్క దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

“గంత మంట మోసుకుంట ఎన్ని దినాలు పడతవమ్మా?” అంది సారక్క. “రేపటి సంది రాజకుమారి రాదని చెప్పు.”

“ఆయన తట్టుకోడేమో.”

“ఒక్క దినం చూడరాదు. ఏమైతది?”

మరునాడు పది కొట్టింది. కుర్చీ ఖాళీగా ఉంది.

ఆయన గేటు వైపు చూశాడు. గడియారం వైపు చూశాడు. జానకమ్మ ధైర్యం చేసి పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది.

“పుస్తకం నాకు చెప్పండి, నేను రాస్తా.”

“మీకెందుకు శ్రమ?” అన్నాడు మర్యాదగా. “మా సెక్రటరీ వస్తది.”

మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్‌కు కిటికీ అద్దాలు గలగలమన్నా తల తిప్పలేదు. నాలుగింటికి ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఆ అమ్మాయికి ఏమన్న అయిందేమో. కొంచెం కబురు చేస్తారా?”

జానకమ్మ ఓడిపోయింది.

“రేపు వస్తుంది లెండి,” అంది.

మరునాడు పదింటికి కుర్చీ ఖాళీగా లేదు. ఆయన మొహంలో మళ్ళీ నవ్వు కనిపించింది.

“నిన్న రాలేదేం రాజకుమారీ?”

“ఒంట్లో బాగాలేదు సార్.”

“జాగ్రత్త. ఇయ్యాల పుస్తకం వద్దు, పెన్సిల్ పక్కకు పెట్టు. నీకొక్కదానికే చెప్పాల్సిన ముచ్చట ఉంది.” వంటింటి వైపు ఒకసారి చూసి, ముందుకు వంగాడు. “ఈ ఇంట్ల ఒక పెద్దావిడ ఉంటది. వండి పెడతది, నా బట్టలు సర్దుతది. నిన్న నేను తినలేదని తనూ తినలేదు. చాలా మంచిది. కానీ ఎవరో నాకు తెలుస్తలేదు. అడిగితే నొచ్చుకుంటదేమోనని అడుగుతలేను.”

మళ్ళీ వంటింటి వైపు చూశాడు.

“మా జానకి పుట్టింటి నుంచి వచ్చినంక ఈ సంగతి చెప్పకు. భయపడతది.”

“చెప్పను సార్,” అంది, ఆర్నెల్లుగా రోజూ పదింటికి గోధుమరంగు నేతచీర కట్టుకుని ఆ కుర్చీలో కూర్చుంటున్న జానకమ్మ.