ముక్కు అచ్చం నాదే

"లీవు లేదు, పో!" అన్నాడు సుబేదార్ దయాకర్.

నాయక్ తిరుమల్ మూత తీసి చాపిన లడ్డూల డబ్బా అలాగే గాల్లో ఉండిపోయింది.

"సాబ్, నేనేం సినిమాకు పోతానంటున్ననా? తండ్రినైన సాబ్! పెటర్నిటీ లీవు. సర్కారే ఇస్తది. మీరు ఒక్క మంచి మాట రాస్తే కర్నల్ సాబ్ ఇప్పుడే సంతకం పెడ్తడు. పొద్దుగూకేలోపల నేను పోకుంటే బిడ్డ ఇంటికి రాదు."

"ఏ బిడ్డ?"

"నా బిడ్డే సాబ్!"

దయాకర్ అంటే ఆషామాషీ మనిషి కాదు. కంటోన్మెంటు పరేడ్ మైదానంలో ఆయన ఒక్కసారి దగ్గితే పావురాలు కూడా సావధాన్‌లో నిలబడతాయని చెప్పుకుంటారు. కళ్లారా చూసినవాళ్లు లేరు గానీ, కాదనడానికి ధైర్యం చేసినవాళ్లూ లేరు. జవాన్ల ఇళ్లలో అత్తాకోడళ్ల పోరు, ఆలుమగల అలకలు, అన్నీ ఆయన బల్ల ముందుకే వచ్చేవి. అన్నింటినీ ఆయనే చక్కబెట్టేవాడు. అంతటి మనిషికి ఇప్పుడు ఫ్యాను కింద కూర్చున్నా చెమటలు పట్టాయి.

పట్టవా మరి! తిరుమల్ ఏడాదిన్నరపాటు మంచు కొండల మీదే ఉన్నాడు. తన వంతు సెలవును కూడా, తల్లికి జబ్బు చేసిన తోటి జవానుకు వదిలేశాడు. కొండ దిగి ఈ సికింద్రాబాదు యూనిట్‌కు వచ్చింది కిందటి వారమే. అన్నాళ్లూ భార్య కల్పలత యాప్రాల్‌లో అద్దె ఇంట్లో ఉంది.

"బిడ్డ ఎంత పెద్దగుంది?" మెల్లగా అడిగాడు దయాకర్.

"మూడు నెలలు నిండినయి సాబ్."

దయాకర్ బల్ల కింద వేళ్లు మడిచి లెక్క వేశాడు. ముందు నుంచి వేశాడు, వెనక నుంచి వేశాడు. ఎటు నుంచి వేసినా ఆ లెక్క మంచు కొండ దిగి కిందికి రాలేదు.

"చూసినవా బిడ్డను?"

"నిన్ననే చూసిన. ముక్కు అచ్చం నాదే! గిట్ల, చివర్ల జెర వంగి..."

తిరుమల్ తన ముక్కును పట్టుకుని చూపించాడు. దయాకర్ కిటికీ వైపు తిరిగిపోయాడు. మూడో నెలలో పుట్టింటి నుంచి బిడ్డను తెచ్చుకోవడం అందరూ చేసేదే. ఈ అమాయకుడు కూడా మేళతాళాలతో తెచ్చుకుంటాడు. ఆ వాడకట్టులో వేళ్లు మడిచి లెక్క పెట్టేవాళ్లు లేకుండా పోతారా? ఏ నోరైనా జారితే ఆ సంసారం ఏమవుతుంది? ఇవాళ్టికి ఇతన్ని ఆపి, తన భార్య అనసూయమ్మను కల్పలత దగ్గరికి పంపి, మెల్లగా మాట్లాడించాలి. అదొక్కటే దారి.

"తిరుమల్, ఇయ్యాల నీకు బోయిన్‌పల్లి మార్కెట్ డ్యూటీ. లంగరుల వంటకు కూరగాయలు తేవాలె."

"కూరగాయలా! సాబ్, నేను పోకుంటే అంత ఖరాబైతది!"

"పోతేనే ఖరాబైతది!"

"ఏందీ సాబ్, గట్లంటరు? నాలుగేండ్ల సంది ఎదురుచూస్తున్నం. పొద్దుగాల సంది కల్పలత తలుపు కాడనే నిలబడ్డది. ఊయల గిట్ల సుత కట్టేసింది."

తిరుమల్ కళ్లలో నీళ్లు తిరిగాయి. దయాకర్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. గొంతు బాగా తగ్గించాడు.

"అరే, ఒక మాట అడుగుత, తప్పు పట్టకు. రేపొద్దున ఆ బిడ్డ పెద్దదైనంక నీ పోలిక కాకుంటే?"

"కాకుంటే కాకపాయె. ఎవల పోలికైతేంది సాబ్? నా చేతులల్ల పెరిగితే నా బిడ్డ కాదా?"

"లోకం నాలుగు మాటలంటే?"

"నాలుగు కాదు, నలభై అననియ్. అన్నీ తెలిసే కదా సాబ్ తెచ్చుకుంటున్నం!"

దయాకర్ నిర్ఘాంతపోయాడు. అన్నీ తెలుసా! తెలిసే కడుపులో పెట్టుకున్నాడా! ఆయన మీసాలు రెండూ ఒక్కసారిగా వణికాయి. లేచి నిలబడి, తన ముప్పై ఏళ్ల నౌకరీలో కర్నళ్లకు కూడా కొట్టనంత గట్టిగా ఆ నాయక్‌కు సెల్యూట్ కొట్టాడు.

"సాబ్! మీరు నాకు కొట్టుడేంది?" తిరుమల్ బెదిరిపోయి ఎదురు సెల్యూట్ కొట్టాడు.

"నీ అంత గుండె ఈ పల్టన్‌ల ఎవలికి లేదురా!" అంటూ దయాకర్ కాగితం లాక్కుని, 'ఈ లీవు తప్పక ఇవ్వవలెను' అని రాసి, కింద రెండు గీతలు కూడా కొట్టాడు. "కర్నల్ సాబ్ కాడికి నేనే తీస్కపోత. నువ్వు ఒక్క మాటియ్యి. ఆమెను పల్లెత్తు మాట అనొద్దు. తప్పు ఎవలైన చేస్తరు."

"ఏం తప్పు సాబ్?"

"గదంతా ఇప్పుడెందుకులే!"

ఇంతలో తిరుమల్ మొబైల్ మోగింది. కంగారులో వేలు స్పీకర్ మీద పడింది. కల్పలత గొంతు గదంతా వినిపించింది.

"ఇంక బయల్దేరలేదా? జల్ది రా! అమ్మానాన్న ఇద్దరూ వచ్చి సంతకం పెడ్తెనే పాపను చేతికిస్తరట, దత్తత కేంద్రమోళ్లు!"