ఆరు గదుల్లో ఒక్క తలుపు

ఇజ్రాయెల్ ప్రభుత్వం బాంబులు వేయడం ఆపాలని నేను రాసిన పోస్టర్ మీద ఫిర్యాదు వచ్చింది. ప్రభుత్వాన్ని విమర్శించడం యూదులను ద్వేషించడం కాదని స్టూడెంట్స్ యూనియన్ ఇవాళ తేల్చింది.

ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో, విద్యార్థులం కలిసి ఉండే మా ఫ్లాట్‌కు వచ్చేసరికి అదే పోస్టర్ ఆరు గదుల్లో ఒక్క తలుపుకే అతికించి ఉంది. అది మిరియమ్ గది. ఫ్లాట్‌లో యూదురాలు ఆమె ఒక్కతే.

"ఇది నేను అతికించలేదు, మిరియమ్."

"తెలుసు మణిదీప్. నా గది ఇదని వాళ్లకెలా తెలిసింది?"

ఆమె గుమ్మానికి యూదుల ఆచారం ప్రకారం బిగించుకున్న, ప్రార్థన రాసిన చుట్ట ఉండే చిన్న డబ్బీని గది నంబరుతో సహా ఫోటో తీసి, 'యూదులకూ మనలాగే గుమ్మమంటే భక్తి' అని పోస్టర్లు అతికించే మా వాట్సాప్ గ్రూపులో పెట్టింది నేనే.

అది బిగించడానికి అప్పట్లో నా దగ్గర తీసుకున్న స్క్రూడ్రైవర్‌ను కాసేపటికి ఆమె తిరిగి ఇచ్చేసింది. గుమ్మానికి రెండు చిల్లులే మిగిలాయి.