వంతెన మీద అద్దం

ఆ ఆదివారం పొద్దున్నే సామ్యేలు అబ్బులు సెలూన్ గుమ్మం దాటి, నేరుగా వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

కత్తెర చప్పుడు ఆగిపోయింది.

"లే సామ్యేలూ. పేటవాళ్లకి ఇక్కడ చెయ్యనని తెలుసుగా," అన్నాడు అబ్బులు, అద్దంలోకి చూడకుండా.

సామ్యేలు లేవలేదు. బెంచీ మీద పేపరు చదువుతున్న ఇద్దరు రైతులు లేపారు. ఆ పెనుగులాటలో అతని చొక్కా చిరిగింది.

తొంభై ఆరు తుఫానుకు ముందు సంగతి ఇది. ఊరి చివర దళితుల పేటలోకి టీవీలు వచ్చాయి గానీ, గడ్డం గీయించుకోవాలంటే మాత్రం మగవాళ్లు ద్రాక్షారామం దాకా పోవాల్సిందే. అబ్బులు ఈ ఊరివాడు కాదు. ప్రెసిడెంటు గారే ఎక్కడి నుంచో పిలిపించి, తన గదిలో సెలూన్ పెట్టించారు. గది ఆయనది కాబట్టి మాటా ఆయనదే.

సామ్యేలు రొప్పుతూ ఎదురుగా ఉన్న కాలవ వంతెన మీదికి వచ్చాడు. అక్కడ యానాం బస్సు దిగిన ముసలాయన ఒకడు గోడకి అద్దం ఆనించి, గోనెపట్టా మీద రేజర్లు, బ్లేడు ప్యాకెట్లు పరుస్తున్నాడు. యానాం నుంచి మందు సీసాలు తెచ్చేవాళ్లే గానీ, బ్లేడులు తెచ్చేవాణ్ణి ఆ ఊళ్లో ఎవరూ ఎరగరు.

"కూర్చోనివ్వలేదా?" అన్నాడు ముసలాయన.

"మీరు గీస్తారా?"

"గియ్యను."

సామ్యేలుకి ఒళ్లు మండింది. "మీకూ మైలేనా ఏంటండి?"

ముసలాయన అతని చెంపలు తడిపి, తన చేత్తోనే సబ్బు నురగ రుద్దాడు. రేజరు అతని చేతిలో పెట్టి, ఆ చెయ్యి పట్టుకున్నాడు. వెంట్రుక మెత్తబడేదాకా ఆగమన్నాడు. వాలిన వైపే లాగమన్నాడు, నొక్కొద్దన్నాడు.

"నేను గీస్తే, నేను పోయాక మళ్లీ ఆ గుమ్మం ముందే నిలబడతావు," అన్నాడు.

గడ్డం నున్నగా వచ్చింది. ఎక్కడా గాటు లేదు, మంట లేదు.

అది మొదలు ప్రతి ఆదివారం చర్చికి ముందు పేటవాళ్లంతా వంతెన మీదే గడ్డాలు గీసుకున్నారు. సెలూన్‌లోవాళ్లకి కనబడేలా, కావాలనే, నిలబడి గీసుకున్నారు. ముసలాయన బజారులో కన్నా చవగ్గా ఇచ్చేవాడు. బ్లేడుని ఎలా కడిగి ఆరబెడితే ఎక్కువ రోజులొస్తుందో కూడా చెప్పేవాడు. అలా చెప్పేవాడు ఏం వ్యాపారి అని ఎవరికీ తట్టలేదు.

"వాడి బేరం వాడిది. మన ఉక్రోషమే వాడికి గిరాకీ," అనేది సామ్యేలు తల్లి జ్ఞానమ్మ.

సామ్యేలు ఓసారి ఆ మాట మొహం మీదే అడిగేశాడు. ముసలాయన నవ్వి, అవునన్నాడు, కొంటావా మానతావా అన్నాడు.

ఊరు ఊరుకుంటుందా? ఆ దుకాణం ఎత్తించమని ప్రెసిడెంటు గారు అబ్బులుని పంపారు. అసలే నోటిదురుసు మనిషి, విసురుగా వచ్చాడు.

ముసలాయన కూర్చున్నచోటి నుంచి కదల్లేదు. "రోడ్డు గవర్నమెంటుది. అద్దం నాది. పగలగొడతావా? పగలగొట్టు," అని అద్దం తీసి అతని మొహానికి ఎదురుగా పట్టాడు.

అబ్బులు కాసేపు అందులోకి చూశాడు. తల వంచుకుని వెనక్కి వెళ్లిపోయాడు. పేటవాళ్లు ఈలలు వేశారు.

వానలు మొదలయ్యాక ముసలాయన రావడం మానేశాడు. గిట్టుబాటు కాలేదేమోనన్నారు అందరూ. అప్పటికి రేజరు లేని ఇల్లు పేటలో లేదు కాబట్టి, పెద్దగా వెతుక్కోలేదు కూడా.

ఓరోజు పొద్దున్న అబ్బులు పేటలోకి వచ్చాడు. అతను అక్కడ కాలు పెట్టడం అదే మొదలు. ఊరందరి గడ్డాలు గీసే మనిషి గడ్డం మాసి, జుట్టు రేగి ఉన్నాడు.

"రేపు నాకు గుండు చెయ్యాలి సామ్యేలూ," అన్నాడు.

"మేం ముట్టుకుంటే మైల కదా అబ్బులు గారూ?"

"ఆ సెలూన్‌లోనే చెయ్యాలి. ఆ కుర్చీలోనే, తలుపులు బార్లా తీసి. తర్వాత అందులో నువ్వు కూర్చుందువు గాని. గది పోతే పోనీ."

జ్ఞానమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. "ఎవరు పోయారు బాబూ?"

అబ్బులు సంచీలోంచి వంతెన మీది ఆ అద్దం తీసి గోడకి ఆనించాడు.

"మా నాన్నేనమ్మా. మీ సామ్యేలు చేత గుండు చేయించుకున్నాకే తన కర్మకి కూర్చోమని చెప్పి పోయాడు."