చెరిపేసిన పేర్లు

రాత్రి తొమ్మిది దాటింది. అమీర్‌పేట ఆఫీసులో మధులత ఒక్కతే ఉంది. గని రాబోయే చోట, చెరువు గట్టున తాను రికార్డు చేసిన పక్షుల కూతలు వింటూ, రిపోర్టులో పేర్లు సరిచూస్తోంది.

బాస్ విజయేందర్ సార్ ఫోన్ చేశాడు. "వలస పక్షులున్నయంటే గనికి పర్మిషన్ రాదు మధులతా. గా పేర్లు జల్ది తీసెయ్."

సూదితోక బాతు పేరు తీసేసింది. ఇయర్‌ఫోన్లలో దాని అరుపు ఆగిపోయింది. ఉల్లంకి పిట్ట పేరు తీసింది. ఆ కూత మధ్యలోనే తెగింది.

ఇయర్‌ఫోన్లు పీకేసింది. కిటికీ బయట ఏసీ డబ్బా మీద పావురాలు కువకువలాడుతున్నాయి. తేల్చుకుందామని పావురం పేరు కూడా తీసింది.

నిశ్శబ్దం.

కిటికీ తెరిస్తే డబ్బా మీద ఒక్క పావురమూ లేదు. పేరు మళ్లీ టైపు చేసింది. పేరైతే వచ్చింది.

ఫోన్ మోగింది. "ఫైలు నేను సుత తెరిచిన. సర్వే చేసినోళ్ల కాడ నీ పేరెందుకు? ఫికర్ చెయ్యకు, నేనే తీసేస్తున్న."

తెర మీద ఆమె పేరు ఒక్కో అక్షరమే పోతోంది.

"వద్దు సార్!" గొంతు చించుకుని అరిచింది.

"హలో?" అన్నాడు సార్. "ఎవరూ మాట్లాడరేంది?"