అతికిన స్టాండు

"ఇది నిలుస్తుందా?" అన్నాడు బండి యజమాని, విరిగితే అప్పుడే అతికించిన సైడు స్టాండును బూటుతో తడుతూ.

"బరువు పడేకొద్దీ కాలు ముందుకి తన్ని ఇంకా బిగుస్తుందండీ. మీ కళ్లముందే చూపిస్తా," అని మెకానిక్ ఇంట్లోకి కేకేశాడు. "ఏమేవ్, ఓసారి రా!"

భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అతను స్టాండు అతికించిన ప్రతి బండి మీదా మొదట కూర్చునేది ఆమే. "నువ్వు కూర్చుంటే కలిసొస్తుందే" అంటాడు. ఆ మాట ఇరుగుపొరుగుకి చెప్పుకుని ఎంత మురిసిపోయేదో!

ఆమె బండి దగ్గరికి వచ్చేలోగా కూతురు పరిగెత్తుకొచ్చి సీటెక్కబోయింది.

మెకానిక్ మొహం పాలిపోయింది. పిల్ల రెక్క పట్టుకుని ఒక్క లాగు లాగాడు.

"పిచ్చా నీకు? అది విరిగి బండి నీ మీద పడితే? ముందు మీ అమ్మని కూర్చోనీ!"

యజమాని నవ్వాడు. మెకానిక్ కూడా నవ్వాడు. "కూర్చోవే, కలిసొస్తుంది."

ఆమె ఎక్కి కూర్చుంది. స్టాండు కిర్రుమంది. ఎప్పుడూ దర్జాగా ముందుకే చూస్తూ కూర్చునే మనిషి, ఈసారి పక్కకి తిరిగి చూసింది.

బండి ఒరిగే వైపు నుంచి కూతుర్ని లాక్కుని, మొగుడు దూరంగా నిలబడి ఉన్నాడు.